మొదటి పాట అల్లుడిది

మొన్న ఆదివారం మా అత్తగారి ఊళ్ళో నేను పాట పాడాను. చేసిన తప్పల్లా అదే! ఏం జరిగిందో చెప్తాను. నవ్వుకోండి, పర్లేదు, కానీ ఆ టీ నా చొక్కా మీద పొయ్యకండి.

మీకు తెలుసుగా, నాకు బీజీఎం పిచ్చి. అందరూ తెర మీద హీరోని చూస్తారు, నేను హీరో వెనక మోగే డ్రమ్ము వింటాను. గుడివాడలో నా కళ్ళజోళ్ళ షాపుకి వచ్చినవాళ్ళు బోర్డు మీద అక్షరాలు చదువుతుంటే, "ఆ వయొలిన్లు ఎలా లేస్తున్నాయో విన్నారా అండీ?" అంటాను. పాపం, వాళ్ళకి అక్షరాలే కనపడక ఛస్తుంటారు! అసలు పాటంటే ట్యూనొక్కటేనా? ముందు నిశ్శబ్దం ఉండాలి. తర్వాత ఎక్కడో దూరంగా ఢం... మళ్ళీ ఢం... సన్నగా వయొలిన్లు, వాటి మీద "ఓ..." అంటూ కోరస్. ఊపిరి బిగబట్టిన చోట ఠక్కున అన్నీ ఆగిపోవాలి. అప్పుడు పడాలండీ ఉరుము! నాకైతే ఒళ్ళు జలదరిస్తుంది.

మా అత్తారింట్లో ఈ ముక్క ఒక్కరూ పూర్తిగా వినరు. నేను "బ్యాక్‌గ్రౌండ్లో..." అనగానే మావగారికి పొలం గుర్తొస్తుంది. బంటుమిల్లి తోడల్లుడు ప్రసాద్ అన్నయ్యకి ఫోనొస్తుంది, మోగకుండానే! పైకి నవ్వేసేవాణ్ణి కానీ, నిజం చెప్పొద్దూ, బాధగానే ఉండేది.

అలాంటిది, పోయిన వారం రత్నం మావయ్యగారు ఫోన్ చేశారు. ఆయన మా ఆవిడ సునీతకి మేనమామ, మొవ్వ దగ్గర మా అత్తగారి ఊరి చర్చికి పెద్ద.

"బాబూ, ఆదివారం కోత పండగ. ఈసారి మొదటి పాట మీరే పాడాలి. పోయినేడు మీ తోడల్లుడు పాడాడు, ఊరంతా నెల్రోజులు చెప్పుకున్నారు."

కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. "తప్పకుండా మావయ్యగారూ! ఎంత పైకి వెళ్ళమంటారు?"

"అది మీ శక్తి బాబూ. మరీ కిందనుంచి మొదలెట్టకండి, బాగోదు."

"మ్యూజిక్ కూడా పట్టుకొస్తానండీ!"

ఆయన "ఆఁ... సరే, మీ సరదా," అన్నారు.

సునీతకి చెప్తే ఎగిరి గంతేసింది. "మొదటి పాట మీకిచ్చారా? అమ్మ ఎంత పొంగిపోతుందో! ప్రసాద్ బావ పోటీ పాడతాడు, మీరు తగ్గకండి. అలాగని మరీ ఎగబాకకండి."

"పోటీ పాటా! అయితే ట్రాక్ మార్చాలి. రెండో ఇంటర్లూడ్‌లో..."

ఇంటర్లూడ్ అనేసరికి ఆవిడకి కుక్కర్ గుర్తొచ్చి వంటింట్లోకి వెళ్ళిపోయింది. అక్కడ ఆగి వినుంటే నా బతుకు ఇలా అయ్యేది కాదు.

వారం రోజులు కష్టపడ్డాను. పంట మీద సొంతంగా పాట రాశాను, ట్యూన్ కట్టాను, కీబోర్డు వాయించే ఫ్రెండు చేత ట్రాక్ చేయించాను. రెండో ఇంటర్లూడ్‌లో, అంటే చరణాల మధ్య వచ్చే మ్యూజిక్‌లో, ఉరుము పెట్టించాను. మామూలు ఉరుము కాదు, షాపు అద్దాలు అదిరాయి.

ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ బయట షామియానా కింద చేరారు. బల్ల మీద సొరకాయలు, అరటి గెలలు, కాళ్ళు కట్టిన కోడిపుంజు, మధ్యలో పొట్టేలంత గుమ్మడికాయ. డెకరేషన్ బాగుందనుకున్నాను. ఎందుకంటే మా గుడివాడ చర్చిలో కోత పండగంటే కవర్లో కానుక పెట్టి, సంచిలో వేసి, ఇంటికొచ్చెయ్యడమే.

మావయ్యగారు గుమ్మడికాయ మీద చెయ్యి వేసి, "మొదటి పాట మా గుడివాడ అల్లుడుగారిది!" అన్నారు.

బ్లూటూత్ స్పీకర్ నొక్కాను. ఢం... ఢం... కళ్ళు మూసుకుని మైకు అందుకున్నాను. మొదటి చరణం సగంలో ప్రసాద్ అన్నయ్య గొంతు, "ఐదొందలు!"

బహుమతి! కళ్ళు మూసుకునే దణ్ణం పెట్టాను.

ఇంకెవరో "వెయ్యి!" అన్నారు. మళ్ళీ దణ్ణం.

"రెండు వేలు!" మళ్ళీ ప్రసాద్ అన్నయ్యే. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నన్ను సినిమా పిచ్చోడనే మనిషి రెండు వేలు చదివిస్తున్నాడు! తొందరపడకండి, అసలైన మూడో చరణం ముందుందని మూడు వేళ్ళు పైకెత్తి చూపించాను.

"అల్లుడుగారు మూడు వేలు!" అని మావయ్యగారు అరిచారు. అదే టైముకి నా ఉరుము పడింది. ఆ మోతలో నాకు ఆయన మాట వినపడితేనా! కుర్చీలు కదిలాయి, ఎవరో పరిగెత్తారు. ఉరుము గుండెల్లోకి వెళ్ళిందనుకున్నాను.

"ఒకటోసారి!" అన్నారు మావయ్యగారు. అంటే వన్స్‌మోర్! గొంతు పెంచాను.

"రెండోసారి!" ఇంకా పెంచాను.

"మూడోసారి! పాట అల్లుడుగారిదే!"

"ట్యూన్ కూడా నాదేనండీ!" అన్నాను మైకులో.

కళ్ళు తెరిచేసరికి సగం కుర్చీలు ఖాళీ. మావయ్యగారు ఆ గుమ్మడికాయ తెచ్చి నా చేతుల్లో పెట్టారు. కోరస్ ఇంకా "ఓ..." అంటూనే ఉంది.

పక్కకొచ్చిన సునీతని మెల్లగా అడిగాను. "ఏంటిది, మెమెంటోనా?"

"మెమెంటో ఏంటండీ! వేలం పాట! చర్చికి కానుకగా తెచ్చినవి వేలం వేస్తారు. గుమ్మడికాయకి మూడు వేలా? ఎగబాకొద్దన్నానా లేదా?"

"వేలమని చెప్పాలి కదా!"

"పాటని చెప్పానుగా!"

నిజం చెప్పేద్దామని అత్తగారి వైపు చూశాను. ఆవిడ అప్పటికే ఫోన్లో ఉంది. "మా చిన్నల్లుడు మూడు వేలకి పాడాడొదినా, మ్యూజిక్ పెట్టించి మరీ!" అవనిగడ్డ దాకా చెప్పేసింది. ఆ ముఖంలో సంతోషం చూశాక ఫోన్ తీసి మూడు వేలు కొట్టేశాను.

కాసేపటికి ప్రసాద్ అన్నయ్య చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. ఆశ చావక అడిగాను. "అన్నయ్యా, నా మ్యూజిక్ ఎలా ఉంది?"

"మ్యూజిక్కేంటి?"

"అదే, మధ్యలో ఉరుము..."

"ఆ ఉరుము నీదా!" అని నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "నిజమనుకుని అందరం పరిగెత్తాం కదయ్యా! రోడ్డు మీద మావగారి ధాన్యం ఆరబోసుంది. టార్పాలిన్ పట్టాలు కప్పి వచ్చేసరికి పాట కొట్టేశారు. నేనుంటే నాలుగు వేలకి పాడేవాణ్ణి!"

తిట్టాడో, మెచ్చుకున్నాడో ఇప్పటికీ తెలీదు. షామియానా మీద ఎండ కాస్తుంటే రైతుల్ని పట్టాల కోసం పరిగెత్తించానంటే మాటలా! లోపల కొంచెం గర్వంగానే ఉంది. నాలుగు రోజులుగా ఇంట్లో గుమ్మడికాయ పులుసే, అయినా గర్వంగానే ఉంది.

సినిమావాళ్ళు కొబ్బరికాయ కొట్టి మొదలెడతారు, అంతా అయిపోయాక గుమ్మడికాయ కొడతారు. నా మ్యూజిక్ కెరీర్‌కి మాత్రం మొదటి పాటకే గుమ్మడికాయ కొట్టేశారండీ, అదీ నా డబ్బుతోనే!