నాలుగో నిమ్మకాయ

నా చిన్నతనంలో బందరు రోడ్డు మీద రెండు బుల్లి కార్లు తిరిగేవి. ఒకటి డాక్టరుగారిది, ఇంకోటి బట్టల కొట్టాయనది. ఫైబరు బాడీ, గుండ్రటి లైట్లు ఒకేలా ఉండడంతో అందరూ ఒకే రకం అనుకునేవారు. నేను తలుపులు చూసేదాన్ని. మొదట వచ్చిన రకానికి ఎడమవైపు రెండు తలుపులు, కుడివైపు ఒక్కటే; ముందు బాడీ కింద దాక్కుని ఒకటే చక్రం. తర్వాత వచ్చినదానికి అటూ ఇటూ రెండేసి తలుపులు, నాలుగు చక్రాలు. నాకు మొదటిదే ఇష్టం. ఎందుకంటే చెప్పలేను, చెప్పాల్సిన అవసరమూ లేదు.

తొంభైల చివర్లో గుడివాడలో టీచరుగా చేస్తుండగా, మచిలీపట్నంలో అలాంటి కారు అమ్మకానికి ఉందని తెలిసింది. మావయ్యను వెంటపెట్టుకుని వెళ్లాను. అది పశువుల పాకలో, ముందు సగం గడ్డిలో కూరుకుపోయి ఉంది.

"నాలుగు చక్రాలదేలే, కొనుక్కో" అన్నాడు మావయ్య.

కుడివైపు తలుపు ఒక్కటే ఉంది. నా మనసు గంతులేసింది. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

బాగుచేయించి ఆంజనేయస్వామి గుడి ముందుకు పూజకు తెచ్చాను. చక్రాల కింద తొక్కించడానికి మావయ్య నాలుగు నిమ్మకాయలు పట్టుకొచ్చాడు. పూజారిగారు వెనక రెండు పెట్టి, ముందుకొచ్చి ఒకటి పెట్టి, వంగి అటూ ఇటూ వెతికారు.

"ఇక్కడ ఒకటే ఉందండీ" అన్నారు, మిగిలిన కాయ చేత్తో పట్టుకుని.

మావయ్య ముఖం మాడిపోయింది. మా ఇళ్లలో విస్తట్లో గారెలు కూడా మూడు వడ్డించరు. వద్దన్నా ఇంకోటి పడాల్సిందే.

"మూడు మనకి అచ్చిరాదే! వెల్డింగ్ షాపుకి పోనీ. ముందు ఇంకో చక్రం తగిలిస్తే రెండో రకంలా అయిపోద్ది, ఎవడూ నవ్వడు."

నాకు ఒళ్లు మండిపోయింది. నా జీతంతో, ఏరి కోరి కొనుక్కున్న బండి అది.

"కుడివైపు ఇంకో తలుపు కూడా కోయిస్తావా? నాకు రెండో రకం కావాలంటే అదే కొనుక్కునేదాన్ని మావయ్యా. దీని మీద రంపం పడనివ్వను."

"మరి ఆ నాలుగో కాయనేం చేస్తావ్?"

పూజారిగారి చేతిలోంచి దాన్ని అందుకున్నాను. పక్కనే సోడా బండి ఉంది. కోయించి, సోడాలో పిండించి, ఉప్పు వేయించుకుని అందరూ చూస్తుండగా గటగటా తాగేశాను. బండెక్కి మూడు కాయలూ చితికేలా తొక్కించాను. మావయ్య అక్కడే నిలబడి ఉన్నాడు.

"పులిగడ్డ దాకా వెళ్తున్నా. వస్తావా? నీవైపు రెండు తలుపులున్నాయి, ఏదో ఒకటి తీసుకుని ఎక్కు."