మూడో తరం ఇంజిన్‌లో గుర్తు కాయలు

శ్రావణమాసం రెండో శుక్రవారం, ఉదయం పది గంటల పది నిమిషాలు. కొత్తపేటలో తెల్లవారినప్పటి నుంచి ముసురు. మా తమ్ముడు కంప్యూటర్ మీది నుంచి చేయి తీసేసి, "గుర్తు కాయలు ఐదుండాలి. మూడే ఉన్నాయక్కా" అన్నాడు.

అతను ముప్పై నాలుగేళ్లు కొబ్బరికాయల లెక్క చూసినవాడు. చేతికి రెండు చొప్పున నాలుగు కాయలు ఒక పుంజీ. ఇరవై ఐదు పుంజీలు నూరు. నూరు కాగానే ఒక కాయను దూరంగా పెడతాడు. చివరికి గుర్తు కాయలు ఎన్నో, అన్ని వందలు. తలలో ఉన్న లెక్క కంటే గుర్తు కాయ మాటే చెల్లుతుంది. పక్షవాతం వచ్చి అతను మనుషుల పేర్లు మరిచిపోతున్నప్పుడు, లెక్కనైనా నిలబెట్టాలని నేను ఐదు వందల కాయలతో ఈ ఆట తయారుచేశాను. లెక్కల పంతులమ్మగా రిటైరైన తర్వాతే ప్రోగ్రామింగ్ నేర్చుకున్నాను.

ఆటను నడిపే సాఫ్ట్‌వేర్ ఇంజిన్‌లో మూడు తరాలు చూశాను. మొదటిదానిలో కాయ గుండ్రటి మచ్చ, పెట్టినచోటే ఉండేది. రెండోది దానికి నీడనూ బరువునూ ఇచ్చింది, కాయ దొర్లింది. తమ్ముడు నవ్వాడు.

"ఇప్పుడైందక్కా కాయ. మొన్నటిదాకా పెసరగింజే."

పాత కంప్యూటర్ పాడయ్యాక ఆటను మూడో తరానికి మార్చాను. ఆకుల మీద వాన తడి కూడా కనిపించింది. ఆనాటి నుంచే అతని లెక్క తగ్గింది.

పదకొండు రోజులు అతని లెక్కను నోటుబుక్కులో రాశాను. ఆ అంకెలను నమ్మి నేనే అన్నాను: "తగ్గుతోందిరా. మనసు పెట్టు."

"పెడుతున్నానక్కా. ఐదూ పెట్టినట్టే ఉంటది. కాయ లేదంటే పెట్టనట్టేగా."

ఆ శుక్రవారం తర్వాత అతను ఆ కుర్చీలో కూర్చోలేదు. సోమవారం సాయంత్రం నాలుగున్నరకు నాకు కారణం దొరికింది. లెక్క సాగేకొద్దీ తెర మీది దృశ్యం ముందుకు జరుగుతుంది. అలా వెనకబడి తెర మీద కనిపించకుండా పోయి, కాసేపు ఎవరూ ముట్టని వస్తువులను కొత్త ఇంజిన్ తనంతట తానే తీసేస్తుంది. ఆ అమరికను నేను చదవకుండా వదిలేశాను. గుర్తు కాయ ఉండవలసిందే అలా: దూరంగా, ఎవరూ ముట్టకుండా.

సరిచేసి పిలిచాను. తప్పు నాదేనని మూడుసార్లు చెప్పాను.

"అది నీ మంచితనం అక్కా," అన్నాడు గోడవైపు తిరిగి. "నా కోసం ఆటదే తప్పంటున్నావు."

ఇంజిన్ దాచుకున్న చిట్టా తీసి, కూడి, చదివి వినిపించాను. ఆటలు పదకొండు. తమ్ముడు పెట్టిన గుర్తు కాయలు యాభై ఐదు. ఇంజిన్ తీసేసినవి ఇరవై మూడు. అతను తప్పిన లెక్క ఒక్కటీ లేదు.