సహ దరఖాస్తుదారు గడి

రిటైరవడానికి రెండేళ్ల ముందు నన్ను కోలారు నుంచి ఊరిగాం దగ్గరి బ్యాంకు శాఖకు మేనేజరుగా వేశారు. ఆ ఏడాది మామిడికాయల కాలంలో, సరోజమ్మ అనే స్కూలు టీచరుకు గృహరుణం ఇప్పించడానికి మా పెద్దాఫీసుతో ఒంటిచేత్తో యుద్ధం చేశాను. పెళ్ళిళ్లలో భోజనాల దగ్గర ఈ కథ చాలాసార్లు చెప్పాను.

చిక్కంతా ఆమె భర్త మునిరత్నంతో. లక్కూరులో అప్పు తెచ్చి ఇల్లు కట్టాడు. అతను పట్టుపురుగులు పెంచేవాడు; పట్టుగూళ్ల ధర పడిపోయి నెలనెలా కట్టాల్సిన కంతులు ఆగిపోయాయి. వేరే బ్యాంకు ఆ ఇంటిని జప్తు చేసి వేలం వేసింది. అలాంటి మచ్చ మనిషి క్రెడిట్ రిపోర్టులో ఏళ్ల తరబడి ఉంటుంది. సరోజమ్మ రిపోర్టు మాత్రం కడిగిన పళ్లెంలా ఉంది. ఊరిగాంలో రెండు గదుల ఇంటికి ఆమె అడ్వాన్సు ఇచ్చింది. నెలాఖరు దాటితే ఇంకొకరికి అమ్ముతానన్నాడు యజమాని.

అంతలో పెద్దాఫీసు నుంచి ఆమె దరఖాస్తు తిరిగి వచ్చింది. కారణం: భర్త రికార్డు. దంపతులిద్దరినీ పిలిపించాను.

"ఇంగ నేను చచ్చిపోయినానని రాసుకోండి సార్. ఈయమ్మకు ఇల్లన్నా వస్తాది" అన్నాడు మునిరత్నం.

"దానికి సర్టిఫికెట్ అడుగుతారప్పా. రేషన్ కార్డులో పేరు సరిచేయించుకునేదానికే నీకు చేత కాలేదు" అంది సరోజమ్మ.

నేను బల్ల గుద్ది, పెద్దాఫీసుకు నాలుగు పేజీల ఉత్తరం రాశాను. మునిరత్నం నిజాయితీపరుడనీ, తప్పంతా పట్టుపురుగులదేననీ వాదించాను. సరే, నాలుగు కాదు, ఒకటిన్నర పేజీ. అదీ పంపలేదు. ఎందుకంటే నేను రాస్తూండగానే సరోజమ్మ దరఖాస్తు అందుకుని తిరగేసింది.

"సార్, దీంట్లో ఈయప్ప పేరు యాడ నుంచి వచ్చింది? నేను రాయలేదే!"

చేతిరాత నాది. ఆడవాళ్లు అప్పుకు వస్తే, అడక్కుండానే సహ దరఖాస్తుదారు గడిలో భర్త పేరు రాసేయడం మా శాఖల్లో ఆచారం. రాస్తే అతని రికార్డు కూడా చూస్తారు. ఆమె జీతం చాలితే, ఇల్లు ఆమె ఒక్కరి పేరు మీదే ఉంటే, మా నిబంధనల ప్రకారం ఆ గడి నింపనక్కర్లేదు.

"నువ్వెందుకు సంతకం పెట్టినావు?" అని మొగుణ్ణి నిలదీసిందామె.

"సారు గీత చూపించినాడు, పెట్టినాను. బ్యాంకులో నన్ను కూర్చోబెట్టి సంతకం అడిగి ఎన్నేండ్లయిందో!"

కాబట్టి నేను చేసిన యుద్ధం నా చేతిరాతతోనే. ఆమె ఒక్కరి పేరుతో కొత్త దరఖాస్తు పంపాం. వేలం సంగతి దాచకుండా రాశాం. నెలాఖరుకు మూడు రోజుల ముందు రుణం మంజూరైంది.

గృహప్రవేశంలో మునిరత్నం నాకు శాలువా కప్పి, "ఈ సారు లేకుంటే ఈ ఇల్లే లేదు" అని అందరికీ చెప్పాడు. సరోజమ్మ నా వైపు చూసింది. నేను శాలువా సర్దుకున్నాను.

ఖాళీ గడిని నింపే ముందు ఎదుటి మనిషిని అడగాలని ముప్పై నాలుగేళ్ల సర్వీసులో అప్పుడు నేర్చుకున్నాను. శాలువా ఇప్పటికీ వాడుతున్నాను.