అమ్మ మీద పడ్డ నింద

మా నాయిన పోయినంక అమ్మ, నేను చిన్నాయిన ఇంటి గోడకు ఆనుకున్న ఇంట్లనే ఉన్నం. నేను కాజీపల్లి దిక్కు మందుల కంపెనీల ప్యాకింగ్ పనికి పోయేదాన్ని. అమ్మ బర్లను సాదుకుంట పాలు పోస్తుండె. ఆ వానకాలం చిన్నాయిన బిడ్డకు జ్వరమొచ్చింది. పదో తరగతి చదివే పిల్ల. పటాన్‌చెరు దవాఖానకు తీస్కపోయేసరికే చెయ్యి దాటిపోయింది. డెంగీ అన్నరు డాక్టర్లు. పిల్ల మల్ల ఇంటికి రాలె.

దినాలైనంక చిన్నాయిన సోది చెప్పేటాయన దగ్గరికి పోయిండు. గోడ పక్క ఆడమనిషే మంత్రం చేసిందని ఆయన చెప్పిండంట. జ్వరం రాకముందు అమ్మ ఆ పిల్లకు నూనె పెట్టి జడ వేసింది. దువ్వెనకొచ్చిన ఎంటికలతోనే చేసిందని ఊరంత అనుకున్నరు. అమ్మ బోరింగ్ కాడికి పోతే మిగిలినోళ్లు బిందెలు తీస్కొని పక్కకు జరిగేటోళ్లు. పాలు పోయించుకునుడు బంద్ చేసిన్రు. షిఫ్టు బస్సుల నా పక్కన ఎవ్వరు కూసోకపోయేది.

"ఈ ఊరు ఇడిసిపెట్టి పోదామే," అన్న నేను ఒకనాడు.

"పోతే చేసినట్టు ఒప్పుకున్నట్టే బిడ్డా. నేను చెయ్యలె. ఆ సంగతి పోచమ్మ తల్లికి తెల్సు."

"తల్లికి తెలిస్తే ఊరికెందుకు చెప్తలేదు మరి?"

అమ్మ చెంబుల నీళ్లు, పసుపు పట్టుకొని పోచమ్మ గుడికి పోయింది. అది రోజూ పోయే యాళ్లనే.

ఒక ఆదివారం పగటి పూట చిన్నాయిన కొందరిని ఎంటేసుకొని వచ్చిండు. ఒకని చేతిల పట్కారు ఉన్నది. నోట్ల పండ్లు పీకితే మంత్రం పారదని మా దిక్కు ఒక నమ్మకం. అమ్మ ఇంట్ల లేదు. వాళ్లు గుడి దిక్కు నడిస్తే నేను పోలీసులకు ఫోన్ చేసుకుంట ఎనక ఉరికిన.

అమ్మ గద్దె ముందట కూసొని ఉన్నది. వాళ్లను చూసి లేవలె.

"తమ్మీ, తల్లి ముందట చెప్తున్న. నీ బిడ్డ నా చేతులల్ల పెరిగింది. నేనేం చెయ్యలె. ఇగ నీ ఇష్టం."

ఒకడు అమ్మ ఎంటికలు పట్టి గుంజిండు. ఇంకొకడు మూతి మీద గుద్దిండు. నేను అడ్డం పోతే నన్ను నెట్టేసిన్రు. అమ్మ నోట్లకెల్లి రక్తం కారి చీర మీద పడ్డది.

అప్పుడొచ్చింది చిన్నమ్మ, ఆ చచ్చిపోయిన పిల్ల తల్లి. బిడ్డ పోయినకాడికెల్లి ఆమె మంచం దిగింది లేదు. వచ్చి అమ్మ పక్కన కూలబడి, అమ్మ తలను ఒళ్లె పెట్టుకొని, కొంగుతోని మూతి తుడిచింది.

"నా బిడ్డ జ్వరంతోని పోయింది," అన్నది మెల్లగ. "పాణం పోయేటప్పుడు పక్కన నేనున్న. మీల ఎవరన్న ఉన్నరా?"

పట్కారు ఉన్నోడు ముందుగాల ఎనక్కి తిరిగిండు. పోలీసులు వచ్చేసరికి అక్కడ మేము ముగ్గురమే ఉన్నం.

అమ్మకు ముందటి పండ్లు ఊడినయి. కేసైంది, సర్పంచి కూసోబెట్టి రాజీ చేసిండు. చిన్నాయిన తప్పయిందని ఇప్పటికీ అనలె. ఊర్ల సగం మంది ఇంకా అదే నమ్ముతున్నరు. ఆఖరికి ఊరు ఇడిసిపెట్టనీకి అమ్మ ఒప్పుకుంటే బర్లను అమ్మి బీరంగూడల కిరాయికి దిగినం.

"చిన్నమ్మ రూపంల తల్లే వచ్చింది," అంటది అమ్మ.

"జెర ముందుగాల రావద్దా?" అన్న నేను.

"పాణం దక్కింది కదనే."

ఇక్కడ కూడ పొద్దున్నే దీపం పెడతది. సచ్చిపోయిన పిల్లను తలుస్తది, చిన్నమ్మను తలుస్తది, చిన్నాయినను చల్లగ చూడమని మొక్కుతది. ఆయన పేరు వచ్చేసరికి నేను లేసి బయటికి పోత.