ఫ్యూజీ కోత నవంబర్‌లోనే

మా చిన్నమ్మ పోయిన బుధవారం పొద్దున చనిపోయింది. హనుమకొండలో ఏ దవాఖాన గేటు ముందు ఏళ్ళ తరబడి ఆపిల్ పండ్లు అమ్మిందో ఆ దవాఖానలోనే, రెండో అంతస్తులో. మంచం కిటికీ పక్కన దొరికింది. అక్కడి నుంచి రోడ్డవతల అద్దాల పండ్ల షాపు కనిపిస్తుంది. చివరి రోజుల్లో ఆమెకు మాట తగ్గిపోయింది. అయినా నేను వెళ్ళగానే ఒకటే అడిగేది.

"ఇయ్యాల ఏం బోర్డు పెట్టిండు రా వాడు?"

"ఏం పెట్టలేదు చిన్నమ్మా."

"మంచిగ చూడు. వాడు ఊకుండడు."

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు ఎవరి మీదా కోపం పెట్టుకోలేదని రాస్తారు. మా చిన్నమ్మ గురించి అలా రాస్తే అబద్ధమవుతుంది. ఆమె ఒక మనిషి మీద ఆరేళ్ళు కక్ష పెట్టుకుంది. అది న్యాయమైన కక్ష అని నేను అనుకుంటున్నాను. ఇప్పుడది నా దగ్గర ఉంది.

ఆమె మా అమ్మకు చెల్లెలు. తొర్రూరు దగ్గర మా ఊళ్ళో పత్తి ఏరే పనికి పోయేది. చిన్నాయన పోయాక వరంగల్ వచ్చి తోపుడు బండి పెట్టుకుంది. మిగతా బండ్లవాళ్ళు ఎర్రటి వైపు పైకి పెట్టి పేర్చేవారు. ఈమె పండును గిరాకీ చేతిలో పెట్టే ముందు తిప్పి, మచ్చ ఉన్న వైపు చూపించేది. "గిది చూడు, గీడ దెబ్బ తాకింది. గింత కోసి పారేసి తినాలె. ఇష్టమైతేనే తీస్కో" అనేది. ఎందుకట్లా అని ఒకసారి అడిగాను. "పేషెంటు తినే పండాయె. లోపలికి పోయినంక మచ్చ కనవడ్తే, ఆళ్ళకు నా మొఖమే యాదికొస్తది" అంది.

తర్వాత రోడ్డవతల ఆ షాపు వచ్చింది. గాజు తలుపు, చల్లగాలి, ఒక్కో పండుకూ తెల్లటి ఫోమ్ తొడుగు. షాపతను మొదట్లో ఆమెను అమ్మా అనే పిలిచేవాడు. గిరాకీలు రోడ్డు దాటకుండా ఆమె దగ్గరే ఆగిపోతున్నారని తెలిశాక ఆ పిలుపు మానేశాడు. ఒక మధ్యాహ్నం పదిమంది వింటుండగా, "ఆమె పండ్లు తింటే లోపలున్న పేషెంటు బయటికి రాడు" అన్నాడు. ఆ మాట వార్డుల్లోకి పాకింది. వారం తిరగకుండానే బండి ట్రాఫిక్‌కు అడ్డమని ఫిర్యాదు వెళ్ళింది. పోలీసులు వచ్చి బండిని ఎత్తుకుపోతుంటే పండ్లు రోడ్డు మీద దొర్లాయి. వాటి మీద నుంచి ఆటోలు పోయాయి. అతను తలుపు దగ్గర నిలబడి చూశాడు.

రెండు నెలలకు బండి తిరిగి వచ్చింది. చోటు రాలేదు. మా చర్చి సందులో పెట్టుకుంది. గిరాకీ సగం కూడా లేదు. పాస్టరు గారు క్షమించమని చెప్పారు.

"దేవుడు మాఫ్ చేస్తడు అయ్యగారూ. ఆయనకేంది? ఆయన బండి ఎవ్వలు గుంజుకపోలే గద" అంది చిన్నమ్మ. "అన్న మాట అన్నకాడనే వాపస్ తీస్కోవాలె. ఆ గేటు కాడ, పదిమంది ముంగట. నాకు ఇంకేం వద్దు."

ఆమె అడిగింది అంతే. చనిపోయే దాకా అదే అడిగింది.

రెండేళ్ళ తర్వాత ఒక జూన్ నెలలో షాపు ముందు పెద్ద బోర్డు వెలిసింది. జపాన్ ఫ్యూజీ ఆపిల్, పోయిన వారమే చెట్టు నుంచి కోసినవి, అని. మా చర్చి కుటుంబాల్లో ఒక అమ్మాయి జపాన్‌లో ముసలివాళ్ళను చూసుకునే పనిలో ఉంది. అది ఆపిల్ తోటల ఊరు. చిన్నమ్మ ఆ పిల్లకు ఫోను కలిపించుకుంది. ఆ పిల్ల నవ్వింది.

"పోయిన వారమా? పెద్దమ్మా, ఫ్యూజీ గిప్పుడు ఉసిరికాయంతనే ఉంది. కాయకాయకు కాయితం సంచి తొడుగుతాండ్రు. దాని కోత నవంబర్‌లనే. అన్నిటికంటె ఆఖర్న అదే."

ఫొటో కూడా పంపింది. చిన్నమ్మ దాన్ని ప్రింటు తీయించుకుంది. అక్కడితో ఆగలేదు. ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక ఆ పిల్ల తల్లి పక్కన కూర్చుని ఫోనులో అడిగేది. ఆ పిల్ల చూసుకునే ముసలివాళ్ళలో చాలామంది తోటల్లో పనిచేసినవాళ్ళే. వాళ్ళను అడిగి చెప్పేది. చిన్నమ్మ చర్చి క్యాలెండర్ వెనక పెన్సిలుతో రాసుకుంది. సెప్టెంబర్‌లో సుగారు. అక్టోబర్‌లో షినానో స్వీట్, జోనాగోల్డ్. అక్టోబర్ చివర పచ్చగా ఉండే ఓరిన్. నవంబర్‌లో ఫ్యూజీ. సంచి తొడగని ఫ్యూజీకి తోలు మొరటుగా ఉంటుంది, తీపి ఎక్కువ. సంచి తొడిగిన పండు అందంగా ఉంటుంది, చాలా నెలలు నిలవ ఉంటుంది. ఐదో తరగతి చదివిన చేతిరాత అది. తప్పులున్నాయి గానీ నెలలు తప్పలేదు.

ప్రింటు చేతికొచ్చిన రోజే ఆ ఫొటో పట్టుకుని షాపుకు పోయింది. నేనూ వెంట ఉన్నాను. లోపల గిరాకీలు ఉన్నారు.

"అన్నా, గీ ఫ్యూజీ ఎప్పుడు కోసింది?"

"బోర్డు సదువుకో."

"సదివిన. మరి గీ ఫొటో చూడు. జూన్‌ల దాని కాయ గింతే ఉంటదట. నీకు ఎవ్వలు పంపిండ్రు? చిన్నపిల్లను తెచ్చి పెండ్లి జేసినట్టున్నది."

గిరాకీలు నవ్వారు. ఒకామె చేతిలో పండు కింద పెట్టేసింది.

"ఏందమ్మా, నిలవ సరుకు అందరు అమ్ముతలేరా?"

"అమ్ము. నిలవ పండు అమ్ముడు తప్పంటనా? జపాన్‌ల గూడ ఎండకాలం దాక నిలవ పెట్టుకోని అమ్ముతరట. నిలవది అని చెప్పి అమ్ము. పోయిన వారం కోసిన అనకు."

బోర్డు దిగింది. ఏప్రిల్‌లో కొత్త సుగారు అని పెట్టాడు. చిన్నమ్మ క్యాలెండర్ చంకన పెట్టుకుని ఆటో ఎక్కింది. ఆ బోర్డూ దిగింది. ఇలా నాలుగేళ్ళు. ప్రతిసారీ చివర ఒకే మాట అడిగేది. "నా పండ్ల గురించి అన్న మాట వాపస్ తీస్కో, మల్ల రాను." అతను తీసుకోలేదు. ఆమె మళ్ళీ పోయింది.

ఆ కక్ష నాకూ తగిలింది. మా ఇంటామె ఆపరేషన్ అయి అదే దవాఖానలో ఉన్నప్పుడు, తొందరలో ఎదురుగా ఉన్న ఆ షాపులోనే పండ్లు కొన్నాను. చిన్నమ్మ చూడడానికి వచ్చి చెత్తబుట్టలో ఫోమ్ తొడుగు చూసింది. ఆ తర్వాత ఏడాది పాటు నాకు పండు అమ్మలేదు. బండి దగ్గరకు పోతే, "గాడ చల్లగ ఉంటది, ఆడికే పో" అనేది. ఏడాది నిండాక మచ్చలున్నవి ఏరి సంచి నింపి ఇచ్చింది. తిన్నాను. మళ్ళీ ఆ షాపు గడప తొక్కలేదు. తప్పును ఎవరూ చూడలేదని ఊరుకోకూడదని నాకు నేర్పింది ఆమే.

శుక్రవారం ఇంట్లో ఓదార్పు ప్రార్థనల కోసం ఆదరణ కూడిక పెట్టుకున్నాం. ప్రార్థన అయ్యాక షాపతను వచ్చాడు. ఆపిల్ బుట్ట తెచ్చి ఆమె ఫొటో ముందు పెట్టాడు. పాస్టరు గారు నా భుజం మీద చెయ్యి వేశారు. నేను బుట్ట వైపు చూశాను.

"ఎప్పుడు కోసినయి?"

అతను తల దించుకున్నాడు. "నవంబర్‌ల. నిలవ సరుకు."

ఇప్పుడు మే నెల. జపాన్‌లో చెట్లకు ఇంకా పూలే ఉంటాయి. నిజమే చెప్పాడు. గిరాకీ ఎవరూ లేని చోట చెప్పాడు.

"ఇంకో మాట బాకీ ఉన్నవు. నడువు, గేటు కాడ చెప్దువు" అన్నాను.

"అప్పటి ముచ్చట ఇప్పుడెందుకన్నా? మనిషే పాయె."

"మనిషి పోయింది. మాట పోలే."

బుట్ట అక్కడే వదిలి వెళ్ళిపోయాడు. మా ఇంట్లో ఎవరూ దాన్ని ముట్టుకోలేదు.

శనివారం పొద్దున చిన్నమ్మ బండికి గాలి కొట్టించి దవాఖాన గేటు దాకా తోసుకొచ్చాను. ఆమె పాత చోటులోనే నిలబెట్టి, చక్రాలకు రాళ్ళు పెట్టాను. అద్దాల షాపు సరిగ్గా ఎదురుగా ఉంది. బండి మీద అతని బుట్ట తప్ప ఏమీ లేదు. ఫోమ్ తొడుగులు తీసేశాను. అమ్మడానికి కాదు. అడిగిన వాళ్ళకు సంగతి చెబుతున్నాను. బండిని ఎత్తుకుపోతే మళ్ళీ తెస్తాను.

ఎండకు పండ్లు ముడతలు పడుతున్నాయి. ఒక్కోదానికి ఒక్కో వైపు నల్లబడుతోంది. రోజూ పొద్దున పోయి ఒక్కొక్కటే తిప్పి, మచ్చ ఉన్న వైపు షాపుకు ఎదురుగా పెట్టి వస్తున్నాను.