సలోత్రి సాబు అడిగిన మజూరీ

సలోత్రి సాబు పోయాడన్న మాట నాకు టాంగా అతను చెప్పాడు. ఆసిఫాబాద్ బస్టాండు దగ్గర గుర్రానికి నీళ్లు పెడుతున్నవాడు నన్ను చూసి బకెట్ కింద పెట్టాడు. "సార్, మన సలోత్రి సాబ్ పోయిండు. పొద్దుగాల చాయ తాగి గట్లనే గోడకు ఒరిగిండట. మల్ల లేవలే" అన్నాడు. నేను అయ్యో అన్నాను. ఆ వెంటనే నా మనసులోకి వచ్చిన మాట రాయడానికి సిగ్గుగా ఉంది. ఇక చెప్పే పని తప్పింది అనుకున్నాను. ఐదేళ్లుగా ఆయనకు ఒక మాట చెప్పాల్సి ఉండి, ఇవాళ రేపు అని దాటేస్తూ వచ్చాను. ఆ మాట కోసమే ఇది రాస్తున్నాను.

పశువుల డాక్టరును మావైపు నిజాం కాలం నుంచీ సలోత్రి అంటారు. ఈయన నిజానికి డాక్టరు కాదు, పశువుల దవాఖానలో కంపౌండరు. డాక్టర్లు వచ్చేవాళ్లు, అడవి నీళ్లు పడక జ్వరాలు తెచ్చుకుని, బదిలీ చేయించుకుని వెళ్లిపోయేవాళ్లు. ఈయన కదలలేదు. అందుకని ఊరే ఆయనను సలోత్రిని చేసుకుంది. హైదరాబాద్ రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చినా ఆ దవాఖాన మీద చాలా రోజులు ఉర్దూ బోర్డే ఉండేది. నేను ఒకసారి ఆ సంగతి అడిగితే, "పసులకు చదువు రాదు పంతులూ, బోర్డు ఏ భాషల ఉంటేంది" అన్నాడు.

ఏ పశువు వచ్చినా ముందు దానితో మాట్లాడేవాడు, తర్వాతే మనిషితో. నోరు చూడాలంటే దవడ పట్టి లాగేవాడు కాదు. చెవి వెనక గోకుతూ కూర్చునేవాడు. కొంతసేపటికి అదే నోరు తెరిచేది. అప్పటికీ పక్కన రైతు ఎడ్ల పుట్టుపూర్వోత్తరాలన్నీ చెప్పుకొస్తుంటే, "మూగజీవం నోరు తెరిచినంక మనిషి నోరు మూసుకోవాలె" అనేవాడు. బడిలో అరిచి అరిచి బతికే నాకు ఆ మాట ఎందుకో గుచ్చుకునేది.

నేను హుజూరాబాద్ వైపు సాలెల ఇంట్లో పుట్టాను. మగ్గం వదిలి, చదువుకుని పంతులునయ్యాను. కుక్కను పెంచడం మా ఇంటా వంటా లేదు. ఇప్పుడున్నది మేం తెచ్చుకున్న కుక్క కాదు, తనంతట తానే వచ్చింది. ఉట్నూర్ రోడ్డు మీద ఒక టేకు కంట్రాక్టరు క్యాంపు ఎత్తేసి పోతూ దాన్ని చెట్టుకు కట్టి వదిలేశాడు. మరిచాడో, కావాలనే వదిలాడో తెలియదు. కొన్ని రోజులకు అది గొలుసు తెంపుకుని ఊళ్లోకి వచ్చింది. మెడకు గొలుసు ముక్క, నోటి నిండా చొంగ. పిచ్చికుక్క అని జనం కట్టెలు పట్టుకుని తరిమితే మా అరుగెక్కి నా మంచం కింద దూరింది.

నేనూ కట్టె తీశాను. మా ఆవిడ అడ్డం వచ్చి గిన్నెలో గంజి పోసింది. కుక్క గంజి తాగింది, రొట్టె ముట్టలేదు. "పిచ్చిలేసిన కుక్క నీళ్లంటేనే బెదురుతదట. గిది గంజి తాగుతున్నది. దీని నోటిలనే ఏదో నొప్పి ఉన్నది. దవాఖానకు తోలుకపోండ్రి" అంది. మోతి అని పేరు కూడా అప్పుడే పెట్టేసింది. పేరు పెట్టాక కుక్కను తరమడం కష్టం.

సలోత్రి సాబు దాని పక్కన చాలాసేపు నేల మీద కూర్చున్నాడు. అది నోరు తెరిచాక లోపలికి చూసి, "గొలుసు కొరికిన నోరు గిది" అన్నాడు. ముందరి పండ్లు అరిగిపోయాయి, ఒక కోరపన్ను నిలువునా చీలింది, చిగుళ్లు చీము పట్టాయి. దవాఖానకు వచ్చే మందులు ఎడ్లకూ బర్రెలకూ సరిపోవడమే కష్టమట. కుక్కకు సూదిమందు కాగజ్‌నగర్‌లో కొనుక్కురావాలన్నాడు. ఖరీదు చెప్పగానే నా మొఖం వాడిపోయింది.

"గా పైసలకు మేకపిల్ల వస్తది గద సాబ్" అన్నాను.

"వస్తది. కని మేకపిల్ల నీ మంచం కిందికి రాలే గద. గిది వచ్చింది."

మందు తెచ్చాను. ఆయన పన్ను తీసిన తీరు చూడాల్సిందే. మోతిని నలుగురు పట్టుకుంటారనుకున్నాను. ఎవరినీ పట్టుకోనివ్వలేదు. మత్తుమందులో తడిపిన దూది చిగుళ్లకు అద్ది, ముచ్చట చెబుతూ చెబుతూ పట్కారుతో ఒక్కసారి తిప్పాడు. పన్ను బయటికొచ్చాక గానీ కుక్కకు తెలియలేదు, నాకూ తెలియలేదు. మీకేమివ్వాలి సాబ్ అంటే, చేతులు కడుక్కుంటూ తన మజూరీ చెప్పాడు.

"ముప్పై రోజులు, పొద్దుగాల, నీ చేతితోని దీని పండ్లు తోమాలె. ఉప్పు, వేపబొగ్గు పొడి, మెత్తటి గుడ్డ. చిగుళ్లల్ల మెతుకు నిలువొద్దు. నేను చేసింది సగం పని. గది తతిమ్మ సగం."

అట్లనే సాబ్ అన్నాను. ఇంత చవకనా అని లోపల సంతోషపడ్డాను కూడా.

ఆ వారమే మా ఆవిడ కాన్పుకు పుట్టింటికి వెళ్లింది. పోతూ పోతూ, "అన్నం తినుడు మరిచినా మంచిదే గని, దాని పండ్లు తోముడు మరువకుండ్రి" అని చెప్పింది. రోజూ అరుగు మీద కూర్చుని తోమాను. వీధి వీధంతా ఆగి చూసేది. పంతులు కుక్కకు ముఖం కడిగి బడికి పంపుతున్నాడని నీళ్ల బావి దగ్గర ముచ్చట. ఎనిమిదో రోజున బడిలో తోటి పంతులు ఒకాయన అందరి ముందర, "మీ మోతి ఏ తరగతిల ఉన్నది సార్?" అని అడిగాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మర్నాడు గుడ్డ ముట్టలేదు. పుండు ఎట్లాగూ మానిందిలే అని నాకు నేను చెప్పుకున్నాను. ఊళ్లో నాకున్న పరువు ఆ కుక్క పండ్ల మీదే నిలబడి ఉన్నట్టు భయపడ్డాను.

నెల తిరగకుండానే దాని దవడ వాచింది. తీసుకెళ్లాను.

"రోజు తోముతున్నవా పంతులూ?"

"రోజూ సాబ్."

ఆయన మళ్లీ అడగలేదు. పంతులు అబద్ధమాడతాడని ఆయనకు తోచలేదు. నా మాట నమ్మాడు కాబట్టి తన చేతిని నమ్మడం మానేశాడు. మోతి నోరు వెలుతురుకు తిప్పి ఎంతోసేపు చూసి, "అయితే తప్పు నా చేతిలనే ఉన్నది. లోపల ముక్క ఇడిసిపెట్టిన్నేమో. మల్ల నేను ముట్టుకునుడు మంచిది కాదు" అన్నాడు. ఆదిలాబాద్ పెద్ద దవాఖానకు చిట్టీ రాశాడు. జేబులోంచి నోట్లు తీసి నా చేతిలో పెట్టాడు. "మందుల ఖర్చు నాది. తప్పు చేసినోడే పెట్టుకోవాలె." మర్యాదకు రెండుసార్లు వద్దన్నాను. మూడోసారి జేబులో వేసుకున్నాను.

ఆదిలాబాద్ డాక్టరు మోతికి ఇంకా చాలా పండ్లు తీసేశాడు. నాలుగు మిగిల్చాడు. చేతులు తుడుచుకుంటూ, "ముందు కోరపన్ను తీసినాయన ఎవరు? వేరుతో సహా శుభ్రంగా వచ్చింది, చిన్న ముక్క కూడా లేదు. ఇంత మంచి చెయ్యి నేను చూడలేదు. ఇది తోమక చెడిన నోరు. ఆయనకు నా మాటగా చెప్పండి" అన్నాడు.

లారీ దిగేసరికి సలోత్రి సాబు రోడ్డు మీద నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో ఏమో. "డాక్టర్ ఏమన్నడు?" అన్నాడు.

"ఏమనలే సాబ్. చెడ్డ పండ్లు తీసేసిండు, గంతే."

ఆయన తల ఊపి, వంగి మోతి చెవి వెనక గోకాడు. నేను మోసుకు రావాల్సింది ఒక్క మాట. అది నా నోట్లోనే ఉండిపోయింది.

ఆ తర్వాత ఆయన ఏ పశువు పండ్ల జోలికీ పోలేదు. జ్వరాలు చూసేవాడు, పుండ్లు కడిగేవాడు, ఈతలు చేసేవాడు. పన్ను అంటే మాత్రం చెయ్యి వెనక్కి తీసుకునేవాడు. ఒకరోజు టాంగా అతను గుర్రాన్ని తెచ్చాడు. దాని దవడపండ్లు మొనలు తేలి చెంప కోస్తున్నాయి, దాణా నమలలేకపోతోంది. ఆకురాయితో అరగదీయమని బతిమాలాడు.

"వద్దు బిడ్డా. పంతులు కుక్క నోరు ఖరాబు చేసినోన్ని. నీ గుర్రమే నీ బతుకు. ఆదిలాబాద్ కొండపో" అన్నాడు సలోత్రి సాబు.

ఆదిలాబాద్‌కు గుర్రాన్ని నడిపించుకుపోతే ఇంట్లో పొయ్యి వెలగని మనిషి అతను. ఆ ఏడంతా గుర్రం ఎముకలు తేలి తిరిగింది. నేను ఆ రోజు అక్కడే, రెండడుగుల దూరంలో ఉన్నాను. గోడ మీది ఉర్దూ బోర్డు చదువుతున్నట్టు నిలబడ్డాను. నాకు ఉర్దూ వచ్చు. ఆ బోర్డు వెయ్యిసార్లు చదివాను.

ఆయన కొలువు దిగిపోయిన రోజు సన్మానపత్రం రాసి చదివింది నేనే. అందులో ఆయన చేతిని ఒక పేరా నిండా పొగిడాను. అదొక్కటే నిజం, అదొక్కటే ఆయన నమ్మలేదు. "మంచిగ రాసినవు పంతులూ. జర గా చెయ్యి ముచ్చట కొట్టేస్తే అయిపోవు" అన్నాడు నవ్వుతూ. అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. దండలు, చాయ్, నలుగురు మనుషులు. నలుగురి ముందర చెప్పలేననుకున్నాను. ఒంటరిగా దొరికినప్పుడు, ఇంత ఆలస్యంగా ఎందుకులే అనుకున్నాను. సాకులకు కరువా.

టాంగా అతను చెప్పిన పూటే వాళ్లింటికి వెళ్లాను. అప్పటికే ఆయనను తీసుకెళ్లిపోయారు. ఆయన భార్యను పెద్దమ్మా అంటాను. మెల్లగా, మొదటి నుంచి చివరిదాకా చెప్పాను, డబ్బు తీసుకున్న సంగతి కూడా. ఆమె తిట్టలేదు. గోడ గూట్లోంచి నూనెగుడ్డ చుట్టిన పట్కారు తీసి చూపింది. ఐదేళ్లు వాడకపోయినా ఒక్క చుక్క తుప్పు లేదు.

"పండుగ పండుగకు నూనె పెడుతుండె. ఎందుకయ్యా అంటే, ఊకనే అంటుండె" అంది. పట్కారు మళ్లీ గుడ్డలో చుడుతూ, "గీ మాట ఆయనకు చెప్తే ఒక్క పూట తిట్టి, మల్ల పట్కారు పట్టుకుంటుండె గద బిడ్డా" అంది.

మర్నాటి పొద్దున అరుగు మీద కూర్చున్నాను. ఉప్పు, వేపబొగ్గు పొడి, మెత్తటి గుడ్డ. వీధి ఆగి చూసింది. ఐదేళ్ల మా అమ్మాయి నీళ్ల చెంబు పట్టుకుని నిలబడింది. మోతి ముసలిదైంది, కళ్లు సరిగా ఆనవు. రోజూ చెవి వెనక గోకుతూ కూర్చుంటే కాసేపటికి దానంతట అదే నోరు తెరుస్తుంది. ఎవరి చెయ్యి అనుకుని తెరుస్తుందో నాకు తెలియదు. నాలుగు పండ్లే కదా, తొందరగానే అయిపోతుంది. అయిపోయాక కూడా అది నోరు మూయదు, ఆ చెయ్యి ఇంకా ఉందనుకుని అట్లాగే ఆగుతుంది.

అప్పుడు ఎనిమిది రోజులు తోమి ఆపేశాను. ఇవాళ తొమ్మిదో రోజు.