తొండి ఆడే నానమ్మ

పోయిన నెల మా ఇంటి నుంచి ఏ పిల్లల పుస్తకం గురించీ, ఏ ఆట గురించీ మీకు రాయలేదు. ఏమైందని కొందరు అడిగారు. మా అత్తమ్మ చనిపోయింది. ఎల్లారెడ్డిలో మా మరిది ఇంట్లో, పొద్దున చాయ్ తాగి, గ్లాసు పక్కన పెట్టి, గోడకు ఆనుకుని కూర్చున్నది కూర్చున్నట్టే పోయింది. ఇక్కడ కామారెడ్డిలో నేను పిల్లలకు బడికి అన్నం డబ్బాలు కడుతుంటే మా ఆయనకు ఫోన్ వచ్చింది. "అన్నా, అమ్మ పలుకుతలేదు" అన్నాడు మరిది. మా ఆయన చెప్పులేసుకున్నాడు.

ఆమె మీకు కొత్త కాదు. మేం రాసే ప్రతి సమీక్ష చివర "నానమ్మ మాట" అని ఒకటి రెండు వాక్యాలు ఉండేవి కదా, ఆ నానమ్మ ఈమే.

అత్తమ్మ ఏడో తరగతి దాకా చదువుకుంది. మామ తొందరగా పోతే, బీడీలు చుట్టి ఇద్దరు కొడుకులను పెంచింది. కొడుకులు ఉద్యోగాల్లో కుదురుకున్నాక ఆకు, కత్తెర పక్కన పెట్టేసి, కొన్నాళ్లు అక్కడ, కొన్నాళ్లు మా దగ్గర ఉండేది. ఎల్లారెడ్డి బస్సు దిగి ఇంట్లోకి వస్తూనే, మంచినీళ్లయినా తాగకుండా "కొత్త ఆట ఏమన్న అచ్చిందా?" అని పిల్లలను అడిగేది. బీడీలు చుట్టిన వేళ్లేమో, కార్డులు కలుపుతుంటే చూడముచ్చటగా ఉండేది.

పుస్తకాల మీద ఆమె తీర్పు ఆమెదే. ఒకసారి మా పెద్దోడు ఒక బొమ్మల కథ చదివి వినిపించాడు. చివరి పేజీలో కథకు నీతి పెద్ద అక్షరాల్లో ఉంది. అత్తమ్మ మొహం అదోలా పెట్టింది.

"కథ మంచిగనే ఉన్నది గని, ఆఖర్ల గదెందుకు బిడ్డా? బువ్వ తిన్నంక మందుగోలి మింగిచ్చినట్టు?"

ఆ మాటను ఉన్నదున్నట్టే రాశాను. మీలో చాలామంది నవ్వుకున్నామని చెప్పారు.

మరోసారి మా ఆయన స్నేహితుడు తను తయారుచేసిన లెక్కల ఆట ఒకటి ఇచ్చి వెళ్లాడు. పిల్లలు అర్ధగంట ఆడి లేచిపోయారు. పాపం ఎంతో కష్టపడి చేశాడు, నాలుగు మంచి మాటలు రాద్దామన్నాను. అత్తమ్మ ఒప్పుకోలేదు. "పిల్లలు మల్ల అడిగిండ్లా? అడగలే. గదే రాయి. గాయన ఒక్కడు బాధపడ్తే పడనియ్, బాగున్నదని నమ్మినోళ్లందరు బాధపడొద్దు" అంది. రాశాను. ఆయన కొన్నాళ్లు మా గడప తొక్కలేదు. తర్వాత ఆటను సగానికి సగం మార్చి పట్టుకొచ్చి, "ముందు అమ్మతోని ఆడిస్తా" అన్నాడు. అత్తమ్మ ఆయన్ను మూడుసార్లు ఓడించి, "గిప్పుడు అయింది ఆట" అని చాయ్ పెట్టి ఇచ్చింది.

మా చిన్నదాని సంగతి మాత్రం మీకు ఎప్పుడూ రాయలేదు. పిల్లల పుస్తకాల గురించి ఊరందరికీ చెప్పే ఇంట్లో, రెండో తరగతి పిల్లకు చదవడం రావట్లేదని ఎలా రాయను? దానికి అక్షరాలు వచ్చు, గుణింతాలు వచ్చు. కలిపి చదవమంటే మాత్రం పుస్తకం మూసేసేది. అట్టముక్కలు, చెక్క అక్షరాలు, ఒత్తుల ఆట, అన్నీ తెచ్చాం. మేం ఎంత బతిమాలితే అది అంత బిగుసుకునేది. మళ్లీ అదే తరగతిలో కూర్చోబెడితే నయమేమో ఆలోచించమన్నారు బడిలో. ఆ రోజు మా ఆయన అన్నం ముందునుంచి లేచిపోయాడు. అత్తమ్మ అన్నీ విన్నది.

ఆ ఆదివారం అంగడి ఆట ఒకటి విప్పాం. ఎడ్లు, మేకలు, ధాన్యం బొమ్మలున్న కార్డులు. ఎట్లా ఆడాలో చెప్పే కాగితాన్ని అత్తమ్మ తీసుకుని, కళ్లద్దాలు పెట్టుకుని గట్టిగా చదివింది.

"ఆటల ముసలోళ్లు ఉంటే వాళ్లకు రెండు కార్డులు ఎక్కువ ఇయ్యాలె."

చిన్నది అనుమానంగా చూసింది. "గట్ల ఏడ రాసి ఉన్నది నానమ్మా?"

"గిదో, గిడనే. నమ్మకపోతే నువ్వే సదువుకో."

అది కాగితం గుంజుకుని గడప మీద కూర్చుంది. పెదవులు కదులుతున్నాయి, వేలు పాకుతోంది. నేను సాయం చేయబోతే అత్తమ్మ నా కొంగు పట్టుకుని ఆపింది. చాలాసేపటికి గడప దగ్గర్నుంచి గొంతు వచ్చింది. "ఆ... డే... వా... ఆడేవారంద... రికీ... సమా... సమానంగా... ఐదు..." అంతలోనే కేక: "అందరికీ ఐదే! నానమ్మ తొండి! నానమ్మ తొండి!"

ఇంటిల్లిపాదీ నవ్వాం. నేను నీళ్లు తెచ్చే నెపంతో వంటింట్లోకి పోయి కళ్లు తుడుచుకున్నాను.

ఆ రోజు నుంచి ఏ ఆట డబ్బా విప్పినా కాగితం ముందు చిన్నదాని చేతిలో ఉండాల్సిందే. నానమ్మ మాట మీద దానికి నమ్మకం పోయింది. కాగితాల నుంచి కథలకు ఎప్పుడు మళ్లిందో మేం గమనించనే లేదు. అదే తరగతిలో ఉంచే మాట బడి నుంచి మళ్లీ రాలేదు.

ఒకరోజు అనపకాయలు ఒలుస్తూ అడిగాను. "కావాలనే తప్పు చదివినవా అత్తమ్మా?"

"గెల్వాలని సదివిన. నీ బిడ్డ గెల్వనిచ్చిందా?" అంది, గింజలు గిన్నెలో వేస్తూ. అంతకు మించి ఎప్పుడూ చెప్పలేదు.

ఎల్లారెడ్డిలో దినాలు అయ్యాయి. భోజనాలు ముగిసి చుట్టాలు వెళ్లిపోయాక, మధ్యాహ్నం వాడకట్టు పిల్లలు నలుగురు వచ్చి అరుగు దగ్గర నిలబడ్డారు. అవ్వ రోజూ తమతో అరుగు మీద గళ్లు గీసి పచ్చీసు ఆడేదట. ఆ సంగతి మాకెవరికీ తెలియదు. లోపలికి రావాలా, పోవాలా అని ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు.

అన్ని రోజులూ కంట తడి పెట్టని మా ఆయన లేచి బయటికి వచ్చాడు. "గీయుండ్రి. నన్ను గూడ కలుపుకోండ్రి" అన్నాడు.

అరుగు మీద సుద్దతో గళ్లు గీశారు. మా పిల్లలిద్దరూ చేరారు. చింతగింజలు ఎగిరాయి, అరుపులు మొదలయ్యాయి. కాసేపటికి వాన పట్టుకుంది. జల్లు అరుగు మీదికి కొడుతుంటే, అంచున ఉన్న గళ్లు ఒక్కొక్కటే చెరిగిపోతున్నాయి. పిల్లలు లేవలేదు. మా ఆయన గోడ వైపు జరిగి, తడవని చోట మోకాళ్ల మీద వంగి, మళ్లీ గళ్లు గీస్తున్నాడు.